బాబాయ్ నర్సరీ సైటు ఫోన్‌లో పట్టేదాకా: ప్రాజెక్టు డైరీ

జూన్ 7, శనివారం

సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టి మార్చి నాటికి మా బాబాయ్ నర్సరీకి ఒక వెబ్‌సైటు తయారుచేశాను. కడియపులంక దగ్గర ఎకరంన్నర తోట ఆయనది. పూలమొక్కలు, మామిడి, జామ అంట్లు, నీడ మొక్కలు. సైటు చాలా చిన్నది, ఒకటే పేజీ. పైన నర్సరీ పేరు, మెనూలో ఐదు లింకులు, ఇరవై నాలుగు మొక్కల ఫొటోలు, ధరల పట్టిక, దారి చూపించే మ్యాపు, ఫోన్ నంబరు, చివర్న ఒక ఫారం. నేను రాజమండ్రిలో ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను. సాయంత్రాలు హెచ్‌టీఎంఎల్ (పేజీలో ఏముండాలో చెప్పే భాష), సీఎస్ఎస్ (అది ఎలా కనపడాలో చెప్పే భాష) నేర్చుకుంటూ రాసిన మొదటి సైటు ఇది. ల్యాప్‌టాప్‌లో ముచ్చటగా ఉంటుంది.

ఇవాళ తోటకి వెళ్లి బాబాయ్ ఫోన్‌లో తెరిచి చేతికిచ్చాను. అప్పుడే బంతి నారుకి నీళ్లు పెట్టి వచ్చారు, చేతులు లుంగీకి తుడుచుకుని ఫోన్ అందుకున్నారు. కాసేపు దగ్గరగా, కాసేపు దూరంగా పట్టుకుని చూశారు.

"అమ్మాయ్, అంతా బానే ఉందిగానీ అక్షరాలేంటే, చీమ తలకాయల్లా ఉన్నాయి?"

రెండు వేళ్లతో లాగి పెద్దది చేశారు. ధర కనపడింది గానీ మొక్క పేరు పక్కకి పోయింది. పేరు కోసం ఇటు జరిపితే ధర అటు పోయింది. నాలుగైదుసార్లు అలా చేసి ఫోన్ తిరిగి ఇచ్చేశారు. ఏమీ అనలేదు. తొలకరి పడితే బేరాలు ఊపందుకుంటాయి. కొనడానికి వచ్చేవాళ్లు తోటలో నిలబడో, లారీ పక్కన కూర్చునో ఫోన్లోనే చూస్తారు. ల్యాప్‌టాప్ పట్టుకుని నర్సరీకి వచ్చేవాళ్లెవరు? ఈ నెలాఖరు లోపు ఇది సరిచేయాలని అక్కడే అనుకున్నాను.

రాత్రి లెక్కేసి చూశాను. నా పేజీ మొత్తం ఒక డబ్బాలో ఉంది, దాని వెడల్పు 1100 పిక్సెల్స్ అని నేనే రాశాను. బాబాయ్ ఫోన్ తెర వెడల్పు, సీఎస్ఎస్ లెక్కలో, 360. ఆ 1100ని 360లో ఇమిడ్చేసరికి నేను 16 పిక్సెల్స్ పెట్టిన అక్షరం 5 పిక్సెల్స్‌కి కాస్త ఎక్కువగా కనపడుతోంది. ఆయన కళ్ళజోడు తప్పేమీ లేదు.

జూన్ 8, ఆదివారం

పొద్దున్నే వ్యూపోర్ట్ సంగతి చదివాను, అంటే పేజీని అమర్చడానికి బ్రౌజరు లెక్కలోకి తీసుకునే తెర. 2007లో ఐఫోన్ వచ్చినప్పుడు వెబ్‌సైట్లన్నీ కంప్యూటర్ తెరల కోసం చేసినవే. వాటిని చిన్న తెర మీద చూపించాలి గనక బ్రౌజరు తన తెర 980 పిక్సెల్స్ వెడల్పు ఉన్నట్టు భావించుకుని పేజీని అమర్చి, తర్వాత మొత్తాన్ని కుదించి చూపించేది. ఆ ఏర్పాటు ఇప్పటికీ ఉంది. "నా పేజీకి ఆ సర్దుబాటు అక్కర్లేదు, నీ అసలు వెడల్పే తీసుకో" అని మనం చెప్పేదాకా ఫోన్ అలాగే చేస్తుంది. చెప్పే పద్ధతి ఒక్క లైను: హెడ్ భాగంలో వ్యూపోర్ట్ అనే మెటా ట్యాగ్ పెట్టి, అందులో విడ్త్‌కి డివైస్-విడ్త్ అనీ, ఇనిషియల్-స్కేల్‌కి 1 అనీ రాయాలి.

నేను మొదట ఎక్కడో చూసిన లైను కాపీ కొట్టాను. దాని చివర్లో యూజర్-స్కేలబుల్ నో అని ఉంది. అంటే వేళ్లతో లాగి పెద్దది చేసుకోవడాన్ని ఆపేయడం. అది తీసేశాను. ఆకు మీద మచ్చ ఉందా లేదా అని ఫొటో పెద్దది చేసి చూసే జనం ఇక్కడ. అక్షరాలు పెద్దవి చేశాం గదా అని వాళ్ల వేళ్లు కట్టేయడం నాకు నచ్చలేదు.

తర్వాత ఫోన్‌లో చూద్దామంటే ఇంకో చిక్కు. ల్యాప్‌టాప్‌లో సైటు నడుస్తున్న అడ్రసు లోకల్‌హోస్ట్. అదే ఫోన్‌లో కొడితే ఏమీ రాదు. లోకల్‌హోస్ట్ అంటే "నేనే" అని అర్థం. ఫోన్‌లో కొడితే ఫోన్ తనలోనే వెతుక్కుంటుంది. రెండూ ఒకే వైఫైలో పెట్టి, లోకల్‌హోస్ట్ బదులు ల్యాప్‌టాప్‌కి ఉన్న అంకెల అడ్రసు, వెనక పోర్ట్ నంబరు కొడితే తెరుచుకుంది. దీనికి గంటన్నర పోయింది. కానీ ఇక్కడినుంచి ప్రతి మార్పూ అసలు ఫోన్ మీదే చూడగలిగాను. బ్రౌజరు డెవలపర్ టూల్స్‌లో ఫోన్ సైజు నకలు చూపించే ఏర్పాటు ఉంది, రోజంతా అదే వాడతాను. అయితే బొటనవేలు ఎక్కడిదాకా అందుతుందో, ఎండలో ఏం కనపడుతుందో అది చెప్పదు.

వ్యూపోర్ట్ లైను పెట్టాక అక్షరాలు ఒక్కసారిగా నిండుగా వచ్చాయి. చాలా సంతోషం వేసింది. వెంటనే పేజీ కుడివైపుకి జారిపోవడం కూడా కనపడింది. డబ్బా ఇంకా 1100 దగ్గరే ఉంది కదా. అంటే మూడు తెరల వెడల్పు పేజీని ఒక తెరలోంచి చూస్తున్నట్టు.

జూన్ 11, బుధవారం

ఆఫీసునుంచి వచ్చాక ఒక ప్రయోగం చేశాను, ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నేర్పింది ఇదే. సీఎస్ఎస్ ఫైలుని పేజీకి కలిపే లైను తాత్కాలికంగా తీసేసి ఫోన్‌లో చూశాను. రంగుల్లేవు, అందం లేదు, కానీ రాతంతా తెర వెడల్పుకి తగ్గట్టు చక్కగా మడత పడి వచ్చింది. ఫోన్ అడ్డంగా తిప్పితే దానికీ సర్దుకుంది. పొడుచుకొచ్చినవి ఫొటోలు, మ్యాపు, పట్టిక మాత్రమే.

అంటే ఉత్త హెచ్‌టీఎంఎల్ పేజీ పుట్టుకతోనే ఏ తెరకైనా ఒదుగుతుంది. 1991లో సెర్న్ అనే పరిశోధన సంస్థలో, వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ పెట్టిన మొట్టమొదటి పేజీ ఈరోజు ఫోన్‌లో తెరిచినా చదువుకోవచ్చు. దాన్ని ఒదగనీయకుండా బిగించింది నేను రాసిన అంకెలు. అందుకని కొత్తగా ఏదైనా చేర్చే ముందు బిగించినవి విప్పుదామని నా సీఎస్ఎస్‌లో విడ్త్ అని ఉన్న ప్రతి చోటా ఆగి చూశాను. పదిహేడు చోట్ల ఉంది. పదకొండు తీసేస్తే ఏమీ పాడవలేదు. పెద్ద డబ్బాకి విడ్త్ 1100 తీసి మ్యాక్స్-విడ్త్ 1100 అని మార్చాను: తెర పెద్దదైతే అక్కడిదాకా పెరుగు, చిన్నదైతే తగ్గిపో.

అయినా ఇంకా కొద్దిగా, సరిగ్గా వేలెడంత, పేజీ కుడికి జరుగుతూనే ఉంది. ఏది పొడుచుకొస్తోందో కంటికి కనపడదు. దానికొక చిట్కా దొరికింది: పేజీలో ఉన్న ప్రతిదాని చుట్టూ ఎర్ర అవుట్‌లైన్ గీయమని ఒక్క రూలు రాయడం. బోర్డర్ గీస్తే దాని మందం కూడా లెక్కలోకొచ్చి కొలతలు మారిపోతాయి, అవుట్‌లైన్ అయితే చోటు ఆక్రమించదు. గీయగానే దొంగ దొరికాడు. ఫారం ఉన్న డబ్బా. దానికి వెడల్పు 100 శాతం అని రాసి, పైగా రెండు పక్కలా 20 పిక్సెల్స్ ప్యాడింగ్, అంటే లోపలి అంచు ఖాళీ, ఇచ్చాను. బ్రౌజరు మామూలుగా ప్యాడింగ్‌ని వెడల్పుకి అదనంగా కలుపుతుంది. తెర 360, దాని మీద 40, మొత్తం 400. బాక్స్-సైజింగ్‌ని బోర్డర్-బాక్స్ చేస్తే ప్యాడింగ్ ఆ 360 లోపలే సర్దుకుంటుంది. ఫైలు మొదట్లోనే అన్నిటికీ అది వర్తించేలా పెట్టేశాను.

జూన్ 14, శనివారం

ఫొటోల రోజు. పొద్దున్న పదింటికి కూర్చుంటే రాత్రి అయ్యింది.

ముందు సులువైన పని: ఫొటోలకి మ్యాక్స్-విడ్త్ 100 శాతం. పొడుచుకురావడం ఆగింది, కానీ మందార పువ్వు సాగదీసినట్టు నిలువుగా, పొడుగ్గా అయిపోయింది. హెచ్‌టీఎంఎల్‌లో ప్రతి ఫొటోకీ వెడల్పు, ఎత్తు అంకెలు రాసి ఉన్నాయి. వెడల్పు తగ్గింది, ఎత్తు మాత్రం రాసిన అంకె మీదే నిలబడింది. హైట్ ఆటో అని చేర్చాక పువ్వు పువ్వులా అయ్యింది. ఆ అంకెలే తీసేద్దామా అనుకున్నాను గానీ ఉంచాలట. ఫొటో దిగేలోపే దాని ఆకారం బ్రౌజరుకి తెలిస్తే అంత చోటు ముందుగానే వదిలిపెడుతుంది. లేకపోతే ఒక్కో ఫొటో వచ్చినప్పుడల్లా కింద రాత దభాలున జారిపోతుంది, చదివేవాళ్లు లైను పోగొట్టుకుంటారు.

అసలు బరువు తర్వాత తెలిసింది. ఫొటోలన్నీ ఫోన్ కెమెరాతో తీసినవి, ఒక్కోటి 4000 పిక్సెల్స్ వెడల్పు, దాదాపు 4 ఎంబీ. ఇరవై నాలుగు కలిపితే వంద ఎంబీకి దగ్గర. ఇంట్లో వైఫై మీద తెలియలేదు. బాబాయ్ తోటలో కొబ్బరిచెట్ల వెనక సిగ్నల్ ఒక గీత ఉంటుంది, అక్కడ ఆ పేజీ పూర్తిగా దిగడం కలలో మాట. ఆయన డేటా నేను తినేస్తున్నాను. చాలా బాధేసింది.

ప్రతి ఫొటోకీ 400, 800 వెడల్పుల్లో రెండు కాపీలు చేశాను, బరువు తక్కువుండే వెబ్‌పీ రకంలో. తర్వాత ఇమేజ్ ట్యాగ్‌లో ఎస్ఆర్‌సీసెట్ పెట్టి రెండు ఫైళ్ల పేర్లూ వాటి వెడల్పులూ ఇచ్చాను. బ్రౌజరు తన తెరకి ఏది సరిపోతుందో తనే ఎంచుకుంటుంది. ఎంచుకుంది, కానీ బాబాయ్ ఫోన్ కూడా 800దే తెచ్చుకుంది. ఎందుకా అని చూస్తే, సైజెస్ అనే ఇంకో మాట రాయాలి. అది రాయకపోతే ఫొటో తెర మొత్తం వెడల్పు ఉంటుందనే బ్రౌజరు అనుకుంటుంది. ఆయన ఫోన్‌లో ఒక సీఎస్ఎస్ పిక్సెల్ అంటే అడ్డంగా రెండు అసలు చుక్కలు. 360 వెడల్పుకి 720 చుక్కలు కావాలి, అందుకే 800. నా ఫొటో నిజానికి సగం తెర లోపే కదా. ఆ మాట సైజెస్‌లో చెప్పాక 400 తెచ్చుకుంది. పైగా లోడింగ్ లేజీ అని పెట్టాను, కిందకి జరిపితేనే కింద ఫొటోలు దిగుతాయి. ఇప్పుడు ఆయన ఫోన్‌కి ఫొటోలన్నీ కలిపి ఒక ఎంబీ.

జూన్ 15, ఆదివారం

ఫొటోలని వరసల్లో పేర్చడం. ఇంతకుముందు నాలుగేసి చొప్పున బిగించి ఉన్నాయి. గ్రిడ్ నేర్చుకున్నాను. ఇన్ని కాలమ్స్ అని చెప్పక్కర్లేదు, "ఒక్కో కార్డు కనీసం ఇంత వెడల్పు ఉండాలి, పట్టినన్ని పెట్టు, మిగిలిన చోటు సమానంగా పంచు" అంటే చాలు. రిపీట్‌లో ఆటో-ఫిల్, మిన్‌మ్యాక్స్‌లో 160 పిక్సెల్స్, ఒక ఎఫ్ఆర్ (మిగిలిన చోటులో ఒక వాటా). ఈ ఒక్క లైను ల్యాప్‌టాప్‌లో ఆరు, ట్యాబ్లెట్‌లో నాలుగు, నా ఫోన్‌లో రెండు కాలమ్స్ చూపించింది. నారుమడి చాళ్లలా చక్కగా.

బాబాయ్ ఫోన్‌లో మాత్రం ఒక్కటే కాలమ్! ఒక్కో ఫొటో తెరంత. ఇరవై నాలుగు మొక్కలు చూడాలంటే వేలు నొప్పెట్టేదాకా జరపాలి. కాగితం తీసి లెక్క వేశాను. ఆయన తెర 360. రెండు పక్కలా 16 చొప్పున వదిలితే 328 మిగిలింది. రెండు కార్డులు 160 చొప్పున 320, మధ్య సందు 12, మొత్తం 332. నాలుగు పిక్సెల్స్ తక్కువ పడ్డాయి. నా ఫోన్ వెడల్పు 393 గనక నాకు తెలియలేదు. 160ని 150 చేశాను, రెండు కాలమ్స్ వచ్చాయి. 320 వెడల్పున్న చిన్న ఫోన్లలో ఒక్కటే కాలమ్ వస్తుంది. అంత ఇరుకు తెర మీద అదే మేలు.

మీడియా క్వెరీ, అంటే "తెర ఇంత వెడల్పుంటే ఇలా చూపించు" అనే రూలు, ఒక్కటి కూడా రాయకుండా ఇదంతా జరిగింది. నేను అనుకున్నది వేరు: ఫోన్‌కొకటి, ట్యాబ్‌కొకటి, ల్యాప్‌టాప్‌కొకటి రూల్స్ రాయాలని. ఇలా ఏ తెరకైనా ఒదిగే పేజీలు చేయడానికి "రెస్పాన్సివ్ వెబ్ డిజైన్" అన్న పేరు పెట్టింది ఈథన్ మార్కాట్ అనే వెబ్ డిజైనర్, 2010 మేలో రాసిన వ్యాసంలో. ఆయన చెప్పినవి మూడు: తెరతో పాటు సాగే గ్రిడ్, సాగే ఫొటోలు, మీడియా క్వెరీలు. వారం రోజులుగా నేను తడుముకుంటూ వచ్చిన దారి ఆయన పదిహేనేళ్ల క్రితం గీసిందే. మీడియా క్వెరీ మూడోది, మొదటి రెండూ చేశాక మిగిలిన పనికి. చివరికి నా సైటులో రెండే మిగిలాయి. ఫోన్‌కి రాసినదే అసలు రూలుగా ఉంచుకుని, 700 పిక్సెల్స్ దాటితే పరిచయం, మ్యాపు పక్కపక్కన రావాలని ఒకటి, 1000 దాటితే అక్షరాలు కొంచెం పెద్దవి కావాలని ఒకటి. ఆ అంకెలు ఏ ఫోన్ కొలతలూ కావు. బ్రౌజరు కిటికీని మెల్లగా లాగుతూ పేజీ ఎక్కడ ఇబ్బంది పడిందో అక్కడ పెట్టాను.

సాయంత్రం పిన్ని చూసి, "ఫొటోలు బాగున్నాయే, మరి పేర్లేవి?" అంది. పేర్లున్నాయి! ల్యాప్‌టాప్‌లో మౌస్ ఫొటో మీద పెడితే పైకి తేలేలా చేశాను. ఫోన్‌లో మౌస్ ఎక్కడిది? వేలు తాకుతుంది గానీ పైన ఊరికే తేలదు. పేరు, కవర్ సైజు (మొక్క పెంచే మట్టి కవర్ కొలత) ఫొటో కిందే ఎప్పుడూ కనపడేలా మార్చాను. మార్చాక ల్యాప్‌టాప్‌లో కూడా అదే నయమనిపించింది.

పేర్లు కనపడగానే తెలుగు తన సమస్యలతో వచ్చింది. 158 పిక్సెల్స్ కార్డులో "సువర్ణగన్నేరు" పెద్ద అక్షరాల్లో పట్టక పక్క కార్డులోకి పాకింది. పట్టని మాటని విరిచే ఓవర్‌ఫ్లో-ర్యాప్ పెడితే "సువర్ణగన్నే" ఒక లైను, "రు" ఒక లైను. చూడ్డానికి కష్టంగా ఉంది. డబ్ల్యూబీఆర్ అని చిన్న ట్యాగ్ ఉంది, "విరిచే అవసరం వస్తే ఇక్కడ విరువు" అని చెప్పేది. సువర్ణ తర్వాత అది పెట్టాను. రాధామనోహరానికీ, నందివర్ధనానికీ కూడా. ఇంగ్లీషు పాఠాల్లో లైన్-హైట్, అంటే ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు, అక్షరం సైజుకి 1.4, 1.5 రెట్లు చాలంటారు. మనకి పైన గుడులు, కింద వత్తులు. 1.4లో "కృష్ణ తులసి" రెండు లైన్లయినప్పుడు పై లైను వత్తు కింది లైను గుడిని తాకింది. 1.7 పెట్టాను, ఊపిరాడింది.

ఫాంటు విషయం కూడా ఇక్కడే తేల్చేశాను. పేజీ మొత్తానికి ఒక తెలుగు ఫాంటు దించుతున్నాను, అది తేలికైనది కాదు. ఈరోజుల్లో ఫోన్లలో తెలుగు ఫాంటు ఎలాగూ ఉంటుంది. రాతకి దాన్నే వదిలేసి, పైన నర్సరీ పేరుకి మాత్రం రామభద్ర అనే ఫాంటు ఉంచాను. ఆ బొద్దు అక్షరాలు బోర్డు మీద రాసినట్టే ఉంటాయి, వదులుకోబుద్ధి కాలేదు.

జూన్ 19, గురువారం

మ్యాపు పది నిమిషాల పని. కాపీ చేసుకున్న కోడులో వెడల్పు 600, ఎత్తు 450 అని ఉంటాయి. వెడల్పు 100 శాతం, ఎత్తు ఆటో, ఆస్పెక్ట్-రేషియో 4కి 3.

మెనూకి మూడు గీతల బొత్తాం పెడదామని జావాస్క్రిప్ట్ పాఠం మొదలుపెట్టి మధ్యలో మానేశాను. ఉన్నవి ఐదు లింకులు: మొక్కలు, ధరలు, దారి, ఫోన్, రాయండి. అన్నీ చిన్న మాటలు. వరసలో పేర్చే ఫ్లెక్స్ పెట్టి, పట్టకపోతే రెండో వరసకి మడత పడమన్నాను. ఫోన్‌లో మూడు పైన, రెండు కింద. కళ్లెదుటే ఉన్నవాటిని బొత్తాం వెనక దాచడం ఎందుకు?

జూన్ 22, ఆదివారం

ధరల పట్టికే ఈ పనంతటికీ గుండెకాయ. ఆరు కాలమ్స్: మొక్క పేరు, కవర్ సైజు, ఎత్తు, పది లోపు తీసుకుంటే ధర, వంద పైన తీసుకుంటే ధర, స్టాకు. 360లో ఆరు కాలమ్స్ అంటే ఒక్కోటి 60 పిక్సెల్స్, పేరే పట్టదు.

మొదట చాలామంది చేసే పద్ధతి చేశాను. ఫోన్‌లో పట్టికని విప్పేసి ఒక్కో మొక్కని ఒక్కో చీటీలా చేయడం: పేరు, దాని కింద సైజు, దాని కింద ఎత్తు, ఇలా. చూడ్డానికి ముద్దుగా వచ్చింది. బాబాయ్‌కి పంపితే ఫోన్ చేశారు.

"అమ్మాయ్, మామిడి 8×10 కవర్ ఎంత, 12×12 కవర్ ఎంత అని పక్కపక్కన చూసుకుంటాడమ్మా పార్టీ. ఇందులో ఒకటి చూస్తే ఇంకోటి మర్చిపోతున్నాను."

ఆయన మాట నిజం. పట్టికని విప్పేస్తే ఇంకో నష్టమూ ఉందని తర్వాత చదివాను. డిస్‌ప్లేని బ్లాక్‌గా మార్చేస్తే, చూపులేని వాళ్లకి పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి అది పట్టిక అన్న సంగతే తెలియకుండా పోవచ్చు. పోల్చుకోవడానికి పెట్టిన పట్టిక పట్టికగానే ఉండాలి. కాబట్టి చీటీలన్నీ కొట్టేసి మళ్లీ మొదలు.

ఈసారి పట్టిక చుట్టూ ఒక డబ్బా, దానికి ఓవర్‌ఫ్లో-ఎక్స్ ఆటో. పేజీ కదలదు, పట్టిక ఒక్కటే పక్కకి జరుగుతుంది. కానీ ధర దాకా జరిపేసరికి పేరు పోతుంది, మళ్లీ మొదటిరోజు కథ. పేరు కాలమ్‌కి పొజిషన్ స్టిక్కీ, లెఫ్ట్ 0 ఇచ్చాను. ఇప్పుడు మిగతావి జరుగుతుంటే పేరు ఎడమ అంచున నిలబడి ఉంటుంది. మొదటిసారి జరిపినప్పుడు కింద నుంచి వెళ్లే అంకెలు పేర్ల మీదుగా కనపడి అంతా అలుక్కుపోయింది. ఆ గడులకి వెనక రంగు లేదు, అందుకని. తెల్లరంగు వేశాక బాగుపడింది.

ఇంకా ఒకటి మిగిలింది. పట్టిక పక్కకి జరుగుతుందని చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది? పిన్ని చేతికిస్తే, "ధరలేవే?" అంది. నా ఫోన్‌లోనూ ఆవిడ ఫోన్‌లోనూ ఎత్తు కాలమ్ సరిగ్గా తెర అంచుకి ముగిసింది, పట్టిక అక్కడితో అయిపోయినట్టే ఉంది. అందుకని రెండు పనులు చేశాను. కాలమ్స్ క్రమం మార్చి ధరల్ని సైజు పక్కకి తెచ్చి, ఎత్తు, స్టాకు చివరికి పంపాను. పేరు కాలమ్ వెడల్పు కొంచెం సవరించి, వంద పైన ధర కాలమ్ ఫోన్‌లో సగానికి తెగి కనపడేలా చేశాను. తెగిన అంకె కనపడితే చెయ్యి దానంతటదే పక్కకి లాగుతుంది. పిన్ని లాగింది. నేనేమీ చెప్పలేదు.

జూన్ 24, మంగళవారం

ఫోన్ నంబరుని నొక్కితే కాల్ వెళ్లేలా లింకు చేశాను. అక్షరాలంత ఎత్తే ఉంది ఆ లింకు. బాబాయ్ వేళ్లు నా వేళ్లలాంటివి కావు. మట్టి ముద్దలు చేసి, కవర్లు నింపి, అంట్లు కట్టిన వేళ్లు. ఆయన నొక్కితే కింద ఉన్న ఫారం తెరుచుకుంటోంది. వేలికి ఎంత చోటు కావాలో కొలతలున్నాయి: యాపిల్ 44 పాయింట్లు అంటుంది, గూగుల్ ఆండ్రాయిడ్‌కి 48 అంటుంది, వెబ్ అందుబాటు ప్రమాణం డబ్ల్యూక్యాగ్ 2.2 కనీసం 24 పిక్సెల్స్ అంటుంది. నేను 48 తీసుకుని, కాల్ బొత్తాన్ని తెర అడుగున ఎప్పుడూ ఉండేలా బిగించాను. బొటనవేలు పడేచోటు అదే. అలా బిగిస్తే పేజీ చివరి లైను దాని వెనక దాక్కుంటుంది, అందుకని పేజీ అడుగున 64 పిక్సెల్స్ ఖాళీ వదిలాను.

ఆఫీసులో స్నేహితురాలి ఐఫోన్‌లో చూస్తే ఫారంలో పేరు రాయబోగానే పేజీ మొత్తం పెద్దదై పక్కకి ఒరిగింది. గడిలో అక్షరాల సైజు 16 పిక్సెల్స్ కన్నా తక్కువ ఉంటే ఐఫోన్ సఫారీ అలా చేస్తుంది. నావి 14. పదహారు చేశాను, కుదురుగా నిలబడింది.

జూన్ 28, శనివారం

నిన్న రాత్రి వాన. పొద్దున్న తోటకి వెళ్తే పచ్చివాసన, కాలవగట్టు మీద బురద. పదకొండింటికి ఎండ కాసింది. బాబాయ్‌ని షెడ్డులోకి పిలవకుండా ఆ ఎండలోనే ఫోన్ ఇచ్చాను. కవర్ సైజులు నేను లేత బూడిదరంగులో రాశాను, తెల్ల వెనకరంగు మీద. ఇంట్లో సుకుమారంగా ఉన్న ఆ రంగు అక్కడ లేనే లేదు. మామూలు సైజు రాతకీ దాని వెనకరంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలని డబ్ల్యూక్యాగ్ చెబుతుంది. అక్కడే నిలబడి ముదురు ఆకుపచ్చ చేశాను. ల్యాప్‌టాప్ బ్యాగులోనే ఉంది, వైఫై బదులు నా ఫోన్ హాట్‌స్పాట్.

ఆయన మళ్లీ తెరిచారు. వేళ్లతో లాగలేదు. కళ్ళజోడు జేబులోనే ఉంది. బొటనవేలితో మెల్లగా కిందకి జరుపుకుంటూ ఒక్కో మొక్క పేరూ పైకే చదివారు. మందారం, నూరువరహాలు, సన్నజాజి, కనకాంబరం. మామిడి దగ్గర ఆగారు. ఫొటో మీద రెండు వేళ్లు పెట్టి పెద్దది చేశారు.

"ఇదెవరు రాశారే బంగినపల్లి అని? బుగ్గన ఎరుపు చూడు. ఇది సువర్ణరేఖ."

మార్చినుంచి ఆ పేరు అలాగే ఉంది. ఆయన నాలుగుసార్లు తెరిచిన పేజీయే.

"ఇంకోటి, కొత్తపల్లి కొబ్బరి మామిడి 12×12 కవర్లు అయిపోయి పది రోజులైంది. స్టాకు ఉందని పెట్టావు. తియ్యి."

ఇంకా మూడు తప్పులు చెప్పారు. నేను మొక్కల మధ్య గట్టు మీద కూర్చుని ల్యాప్‌టాప్ మోకాళ్ల మీద పెట్టుకుని ఒక్కోటీ దిద్దుతుంటే, ఆయన పక్కన నిలబడి ఫోన్‌లో పేజీ మళ్లీ మళ్లీ తెరుస్తూ "ఆ, మారింది" అంటున్నారు.